మచ్చల రెక్కల దోమ

తొలకరి జల్లులు పడగానే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి పట్టణాలలో సాయంకాలం దీపం వెలిగిన ప్రతి ఇంటికీ పిలవని పేరంటానికి వచ్చినట్లు పురుగులు వచ్చి చేరుతాయి. వాటిలో రెక్కలపై గట్టి పెంకు ఉన్నవి కొన్ని, తళతళ మెరిసేవి కొన్ని, ముక్కు పొడవుగా సాగినవి కొన్ని. గోడమీద పాకుతున్న వింత పురుగును చూచి పెద్దలు చీపురు అందుకుంటారు. పిల్లలు అగ్గిపెట్టె తెచ్చి అందులో బంధిస్తారు. అది ఏ పురుగు అని అడిగేవారు అరుదు. అడిగినవారికి మాత్రం ఆ చిన్న ప్రాణి తన జాతకమంతా ఒంటిమీదనే రాసుకొని వచ్చినట్లు తెలుస్తుంది. ముందు రెక్కలు పెంకులాగా గట్టిపడి, పలుచని వెనుక రెక్కలను కప్పి ఉంచితే అది పెంకు పురుగుల జాతికి చెందినది. గుబురు పొదలలో వెలుగుతూ ఆరుతూ ఉండే మిణుగురు కూడా ఈ పెంకు పురుగుల కుటుంబానికి చెందినదే. ఎగరడానికి ఒక్క జత రెక్కలే ఉండి, రెండవ జత చిన్న గుబ్బలుగా మిగిలిపోతే అది ఈగల, దోమల జాతికి చెందినది. రెక్కలు, కాళ్ళు, ముక్కు, కూర్చునే తీరు, గుడ్డు ఆకారం - వీటిని బట్టి ప్రాణిని గుర్తించడం ఒక శాస్త్రం.

ఆ శాస్త్రం తెలియకపోవడం వల్ల ఒక వైద్యుడు రెండేళ్ళకు పైగా దారి తప్పి తిరిగాడు. ఒక ఇంటి గోడమీద విచిత్రమైన భంగిమలో కూర్చున్న దోమను ఇది వేరు జాతి అని గుర్తించిన తరువాత, ఆ జాతి దోమలు చేతికి చిక్కిన నాలుగు రోజులలోనే మానవజాతిని వేల ఏళ్ళుగా పీడించిన ఒక మహమ్మారి రహస్యం ఆయనకు అందింది. ఆ రహస్యం బయటపడిన చోటు మన సికిందరాబాదు. ఆ వైద్యుడు రోనాల్డ్ రాస్.

రాస్ 1857 మే 13న హిమాలయ పాదాలలోని అల్మోరాలో జన్మించాడు. మీరట్‌లో సిపాయిలు తిరుగుబాటు ప్రారంభించి అప్పటికి మూడు రోజులు. తండ్రి క్యాంప్‌బెల్ రాస్ బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారి. తీరిక దొరికితే నీటిరంగులతో ప్రకృతి దృశ్యాలు చిత్రించేవాడు. తల్లి పేరు మటిల్డా. పదిమంది సంతానంలో రోనాల్డ్ పెద్దవాడు. అప్పటి ఆంగ్ల కుటుంబాల ఆచారం ప్రకారం ఎనిమిదవ ఏట అతనిని చదువుకై ఇంగ్లాండుకు పంపారు. తల్లిదండ్రులకు దూరంగా బంధువుల ఇంట పెరిగిన ఆ బాలునికి చిత్రలేఖనం, సంగీతం, కవిత్వం, గణితం ఇష్టమైన విషయాలు. పదహారవ ఏట చిత్రలేఖన పరీక్షలో ప్రథమ స్థానం సంపాదించాడు. వైద్యం మీద మాత్రం ఆసక్తి లేదు. అయినా కొడుకు ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాలన్నది తండ్రి నిర్ణయం. 1874లో లండన్‌లోని సెయింట్ బర్తలోమ్యూ ఆసుపత్రి కళాశాలలో చేరిన రాస్, పాఠాలకంటె పద్యాలపైనా, స్వరాలపైనా ఎక్కువ కాలం గడిపాడు. ఒక పరీక్షలో తప్పాడు కూడా. కొంతకాలం ఓడలో వైద్యునిగా పనిచేసి, మళ్ళీ చదివి ఉత్తీర్ణుడై 1881లో భారతదేశానికి వచ్చాడు.

మద్రాసు, బెంగుళూరు, బర్మా, అండమాన్ దీవులు - సైన్యం ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్ళాడు. పని తక్కువ, తీరిక ఎక్కువ. ఆ తీరికలో గణితాన్ని స్వయంగా అభ్యసించాడు, నవలలు రాశాడు. ఆయనను గొప్ప వైద్యునిగా ఎవరూ ఊహించని రోజులవి. అయితే 1883లో బెంగుళూరులో ఒక చిన్న సంఘటన జరిగింది. ఆయన బంగళాలో దోమల బాధ విపరీతంగా ఉండేది. కిటికీ బయట ఉన్న నీళ్ళ తొట్టెలో దోమ పిల్లలు గిజగిజలాడుతూ ఉండడం రాస్ కంటబడింది. తొట్టెను బోర్లించాడు. దోమలు తగ్గాయి. ఈ సులువైన ఉపాయాన్ని సైనికుల భోజనశాల వద్ద కూడా అమలుచేద్దామని పై అధికారికి సూచిస్తే ఆయన అందుకు అంగీకరించలేదు. సృష్టిక్రమంలో జోక్యం చేసుకోవడం తగదని ఆ అధికారి అభిప్రాయం. దోమను చంపడానికి ముందు అది ఎక్కడ పుడుతుందో చూడాలన్న ఆలోచన రాస్ మనసులో ఆనాడే పడింది. ఆ దోమకూ జ్వరానికీ ఉన్న సంబంధం మాత్రం అప్పటికి ఆయనకు తట్టలేదు.

1888లో సెలవుపై ఇంగ్లాండు వెళ్ళి ప్రజారోగ్యంలో పట్టా పుచ్చుకొని, సూక్ష్మజీవుల శాస్త్రం నేర్చుకున్నాడు. 1889లో రోజా బ్లాక్సమ్‌ను వివాహమాడి తిరిగివచ్చాడు. ఆయన చేతికి సూక్ష్మదర్శిని వచ్చిన కాలమిది.

ఆనాడు మలేరియా అంటే ఎంత భయమో నేటివారికి చెప్పడం కష్టం. వణుకుతో మొదలై, ఒళ్ళు కాలిపోయే జ్వరంగా మారి, చెమటలు పట్టి తగ్గి, రోజు విడిచి రోజు మళ్ళీ వచ్చే ఆ చలిజ్వరం మన పల్లెలను తుడిచిపెట్టిన సందర్భాలు ఉన్నాయి. ఎడమవైపు కడుపులో బల్ల పెరిగిన పసిపిల్లలు ఊరూరా కనిపించేవారు. మందు లేకపోలేదు, సింకోనా చెట్టు బెరడునుండి తీసిన క్వినైన్ ఉన్నది. కాని జ్వరం ఎలా వస్తుందో తెలియదు. చిత్తడి నేలల నుండి లేచే చెడు గాలివల్ల వస్తుందని శతాబ్దాలుగా నమ్మారు. మలేరియా అన్న పేరే ఇటలీ భాషలో చెడు గాలి అన్న మాటల నుండి పుట్టింది. 1880 నవంబరులో అల్జీరియాలో పనిచేస్తున్న ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ రోగి రక్తంలో ఒక పరాన్నజీవిని కనిపెట్టాడు. అది ఎర్ర రక్తకణాలలో నివసిస్తూ నల్లని రేణువులను మిగులుస్తుంది. ఆ నల్లని రేణువులను గుర్తుపెట్టుకోవాలి. ఈ కథ వాటి చుట్టూనే తిరుగుతుంది.

రక్తంలో పరాన్నజీవి ఉన్నదని తెలిసింది. మరి ఒక మనిషి రక్తంనుండి మరొక మనిషి రక్తంలోకి అది ఎలా ప్రయాణిస్తుంది? 1894లో సెలవుపై లండన్ వెళ్ళిన రాస్‌కు పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు పరిచయమయ్యాడు. చైనాలోని ఏమాయ్ నగరంలో పనిచేసినప్పుడు, బోదకాలుకు కారణమైన పురుగులు దోమ శరీరంలో పెరుగుతాయని 1877లో కనిపెట్టినవాడు మాన్సన్. మలేరియా విషయంలో కూడా దోమ పాత్ర ఉండి తీరాలని ఆయన ఊహ. లావెరాన్ చెప్పిన పరాన్నజీవిని నమ్మని రాస్‌కు సూక్ష్మదర్శినిలో దానిని చూపించినవాడూ ఆయనే. అయితే మాన్సన్ ఊహలో ఒక పొరపాటు ఉన్నది. దోమ మనిషిని ఒక్కసారే కుట్టి, నీటిపై గుడ్లు పెట్టి చనిపోతుందనీ, ఆ నీటిని తాగినవారికి జ్వరం వస్తుందనీ ఆయన భావించాడు. గురువు అయిన వాని ఊహలో సగం నిజం, సగం తప్పు. శిష్యుడు ఆ రెండింటినీ కలిపి మూటగట్టుకొని 1895లో బయలుదేరాడు.

సికిందరాబాదులో 19వ మద్రాసు పదాతిదళానికి వైద్యునిగా రాస్ ఆ ఏడు ఏప్రిల్‌లో చేరాడు. బేగంపేటలో చిన్న సైనిక ఆసుపత్రి. పెద్ద ప్రయోగశాల అనదగినది ఏదీ లేదు. ఉన్నది ఒక సూక్ష్మదర్శిని, కొన్ని గాజు పలకలు, సూదులు. రోగిని దోమతెరలో పడుకోబెట్టి, లోపల దోమలను వదిలి, కుట్టిన దోమలను గాజు గొట్టాలలో పట్టి, వాటి పొట్ట చీల్చి చూడాలి. రోగులు మొదట భయపడ్డారు. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా ఇస్తానన్న తరువాత ఒప్పుకున్నారు. మేలో, దోమ పొట్టలో పరాన్నజీవి సజీవంగా కదలడం, దాని నుండి సన్నని తంతువులు వెలువడడం రాస్ చూశాడు. ఆ తరువాత అది ఏమవుతుందో అంతుబట్టలేదు. మాన్సన్ ఊహను పరీక్షించడానికి దోమలు చచ్చిన నీటిని కొందరికి తాగించి కూడా చూశాడు. నేటి వైద్యనీతి ఇటువంటి పనిని అనుమతించదు. ఆనాడు అడిగేవారు లేరు. ఆ ప్రయోగం వల్ల తేలినదేమీ లేదు.

అసలు చిక్కు దోమల దగ్గరే ఉన్నది. రాస్ దృష్టిలో దోమ అంటే దోమ. బేగంపేటలో సులువుగా దొరికేవి రెండు రకాలు. వాటికి శాస్త్రీయ నామాలు ఆయనకు తెలియవు. తెలుసుకొనడానికి గ్రంథం లేదు. లండన్‌కు లేఖలు రాసి అడిగినా ప్రయోజనం కలుగలేదు. దోమల జాతులన్నింటినీ వర్ణించే థియోబాల్డ్ గ్రంథం వెలువడడం ప్రారంభమైనది 1901లో. అంటే రాస్ పని ముగిసిన తరువాత. గత్యంతరం లేక తన సొంత పేర్లు పెట్టుకున్నాడు. ఒకటి బూడిదరంగు దోమ, మరొకటి చారల దోమ. మొదటిది క్యూలెక్స్ జాతికి, రెండవది నేడు ఈడిస్ అని పిలిచే జాతికి చెందినవని తరువాత తెలిసింది. మనిషి మలేరియా పరాన్నజీవి ఈ రెండింటిలోనూ పెరగదు. ఈ విషయం తెలియని రాస్ వాటినే వందల కొద్దీ కోశాడు. ఒక్కొక్క దోమను ఆమూలాగ్రం పరీక్షించడానికి రెండు గంటలకు తక్కువ పట్టదు. వెతుకుతున్న వస్తువు ఎలా ఉంటుందో తెలియదు, ఎక్కడ ఉంటుందో తెలియదు, ఏ దోమలో ఉంటుందో తెలియదు. మూడు తెలియనివాటిని ఒకే సమీకరణంలో సాధించబోయిన గణితవేత్త పరిస్థితి ఆయనది.

1895 సెప్టెంబరులో కలరా నివారణ పనిమీద ఆయనను బెంగుళూరుకు పంపారు. దాదాపు రెండేళ్ళు పరిశోధన మందగించింది. మాన్సన్‌కు లేఖలు రాయడం మాత్రం మానలేదు. ఆ ఇద్దరి మధ్య కొన్నేళ్ళలో వందకు మించిన లేఖలు నడిచాయి.

1897 వేసవిలో రాస్ సెలవు తీసుకొని ఉదకమండలం చేరాడు. అక్కడికి దగ్గరలోని సిగూర్ కనుమ మలేరియాకు పేరుమోసిన ప్రదేశం. అక్కడి కాఫీ తోటలలో జ్వరాన్ని పరిశీలించబోయి తానే ఆ జ్వరం పాలయ్యాడు. ఆ కనుమలోని బంగళా గోడమీద ఆయనకు ఒక కొత్త దోమ కనిపించింది. మామూలు దోమ గోడమీద వాలినప్పుడు గూని వీపుతో, శరీరం గోడకు సమాంతరంగా ఉంటుంది. ఇది అలా లేదు. తల గోడకు ఆనించి, తోక గాలిలోకి లేపి, గోడలో గుచ్చిన ముల్లులాగా ఏటవాలుగా నిలిచి ఉన్నది. రెక్కలపై నల్లని, తెల్లని మచ్చలు. రాస్ దానికి మచ్చల రెక్కల దోమ అని పేరు పెట్టి తన పుస్తకంలో గుర్తు రాసుకున్నాడు. ఒక పురుగును చూచి ఇది వేరు అని గమనించడం చిన్న విషయంగా తోచవచ్చు. ఇంతవరకు వందల దోమలను కోసినవాడు మొదటిసారి కోయకుండా చూశాడు. ఆ చూపు విలువ ఆయనకు అప్పుడే పూర్తిగా తెలిసిందని చెప్పలేము.

జూన్‌లో సికిందరాబాదుకు తిరిగివచ్చి మళ్ళీ బూడిదరంగు దోమలతో, చారల దోమలతో పని మొదలుపెట్టాడు. ఎండలు, ఉక్క. పంకా లాగిస్తే కోసిన దోమల ముక్కలు ఎగిరిపోతాయి కనుక గాలి లేకుండానే పనిచేయాలి. చిన్న చిన్న ఈగలు కళ్ళ చుట్టూ, చెవుల చుట్టూ ముసిరేవి. నుదుటినుండీ చేతులనుండీ కారిన చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. మిగిలిన ఒక్క కంటి అద్దం కూడా పగిలింది. ఫలితం శూన్యం. అప్పుడు సిగూర్ గోడమీది దోమ గుర్తుకు వచ్చింది. మచ్చల రెక్కల దోమలను వెతికి తెమ్మని తన మనుషులను నలుదిక్కులకూ పంపాడు.

ఆగస్టు నడుమ ఒక సహాయకుడు సీసాలో దోమ డింభకాలను తెచ్చాడు. అవి రెక్కలు విప్పుకొని గోధుమరంగు దోమలుగా బయటికి వచ్చాయి. రెక్కలపై మచ్చలు. దాదాపు అదే సమయంలో ఆసుపత్రి సహాయకుడు ఒకడు గోడవైపు వేలు చూపాడు. అక్కడ తోక బయటికి పెట్టి ఒక చిన్న దోమ కూర్చుని ఉన్నది. ఆ సహాయకుని పేరు మరచిపోయానని రాస్ తరువాత తన స్వీయచరిత్రలో విచారం వెలిబుచ్చాడు. తేదీలు, గంటలు, దోమల సంఖ్యలు అన్నీ రాసుకున్న మనిషి ఆ ఒక్క పేరు రాసుకోలేదు. రోగి పేరు మాత్రం చరిత్రలో నిలిచింది. ఆయన హుసేన్ ఖాన్. రక్తం నిండా మలేరియా పరాన్నజీవులు ఉన్న ఆ జ్వరపీడితుడు ఆగస్టు 16న దోమతెరలో పడుకొని మచ్చల రెక్కల దోమలచేత కుట్టించుకున్నాడు. పది దోమలు కడుపునిండా రక్తం తాగాయి. ఆ దోమలే రాస్ ఆస్తి.

రోజుకు కొన్నింటిని కోశాడు. కొన్ని వాటంతట అవే చచ్చాయి. మొదటి రోజులలో ఏమీ కనిపించలేదు. ఆగస్టు 20 ఉదయానికి మిగిలినవి మూడు. వాటిలో ఒకటి రాత్రే చచ్చి ఉబ్బిపోయింది. రెండవ దానిని తీసుకొని కణం కణంగా పరీక్షిస్తూ పోయాడు. మధ్యాహ్నం ఒంటిగంట కావస్తున్నది. కళ్ళు అలసిపోయాయి. చూడవలసినది ఇక పొట్ట గోడ ఒక్కటే. అది కూడా వదిలివేద్దామనిపించినా, విసుగు పుట్టించే ఆ పనిని చివరిదాకా చేశాడు. పొట్ట గోడపై గుండ్రని కణం ఒకటి కనిపించింది. అటువంటి కణం దోమ పొట్టలో ఉండవలసినది కాదు. సూక్ష్మదర్శినిని సరిచేసి చూస్తే దాని లోపల నల్లని రేణువులు. లావెరాన్ రోగి రక్తంలో చూసిన రేణువులే అవి. ఆ పక్కన మరొకటి, మరొకటి.

రాస్ తొందరపడి సంబరపడలేదు. మరునాడు ఉదయం చివరి దోమను కోశాడు. ఆయన లెక్క సరియైనది. ఇరవయ్యవ తేదీన చూసినవి నాలుగు రోజుల కణాలైతే, ఇవి ఐదు రోజుల కణాలు. అవి ప్రాణమున్న పరాన్నజీవులైతే ఒక్క రోజులో పెరిగి ఉండాలి. చూస్తే నిజంగానే పెరిగి ఉన్నాయి. ఆనాటి రాత్రి ఆయన తన సంతోషాన్ని పద్యంగా రాసుకున్నాడు. ఆ కనుగొన్న విషయం ఆ ఏడు డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటితమైంది.

మచ్చల రెక్కల దోమ అనోఫిలిస్ జాతికి చెందినది. ఆ జాతికి 1818లోనే మైగెన్ అనే జర్మను శాస్త్రవేత్త నామకరణం చేశాడు. అంటే రాస్ వెతుకుతున్న ప్రాణికి ఎనభై ఏళ్ళ ముందే పేరున్నది. ఆ పేరుకూ ఈ దోమకూ ఉన్న సంబంధం చెప్పేవారే ఆయనకు దొరకలేదు. ఇంటిలో కనిపించే దోమ అనోఫిలిస్ అవునో కాదో నేడు చదువుకున్నవారెవరైనా చెప్పవచ్చు. రెక్కలపై మచ్చలు, తోక ఎత్తి కూర్చునే తీరు మొదటి గుర్తులు. క్యూలెక్స్ గుడ్లు తెప్పలాగా ఒకదానికొకటి అతుక్కొని తేలితే, అనోఫిలిస్ గుడ్లు విడివిడిగా చిన్న పడవలలాగా తేలుతాయి. ఆ పడవ ఆకారపు గుడ్లను రాస్ కూడా గమనించాడు. క్యూలెక్స్ డింభకం నీటిలో తలకిందులుగా వేలాడుతుంది. అనోఫిలిస్ డింభకం నీటి ఉపరితలానికి సమాంతరంగా పడుకొని ఉంటుంది. మనిషిని కుట్టేది ఆడ దోమ మాత్రమే. గుడ్లు పెట్టడానికి దానికి రక్తం కావాలి. అనోఫిలిస్‌లో కూడా అన్నింటి అలవాట్లు ఒకటి కావు. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో వలె కాలువలు, వరి మళ్ళు ఉన్నచోట పెరిగే జాతి వేరు; సిరిసిల్లవంటి పట్టణాల బావులలో, మిద్దెలమీది నీటి తొట్లలో పెరిగే జాతి వేరు. కాలువ గట్టున మందు చల్లి మిద్దెమీది తొట్టె మూత తెరిచి ఉంచితే ఫలితం లేకపోవడానికి కారణమిదే.

విజయం చేతికి అందిన మరునెలలోనే సైన్యం రాస్‌ను రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేసింది. అక్కడ పరిశోధనకు పనికివచ్చే మలేరియా రోగులు లేరు. పాలకులకు దోమల గొడవ పట్టలేదు. సైనిక వైద్యుడు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఉండాలి. మాన్సన్ లండన్‌లో ప్రయత్నించిన మీదట 1898 ఫిబ్రవరిలో ఆయనకు కలకత్తాలో ఒక చిన్న ప్రయోగశాల దొరికింది. ప్లేగు టీకాల భయంతో అక్కడి రోగులు దొరతనపు వైద్యుని దగ్గరికి రాలేదు. మనుషులు దొరకకపోతే పక్షులు ఉన్నాయి కదా అనుకున్నాడు రాస్. పిచ్చుకలకు కూడా ఒక రకం మలేరియా వస్తుంది. దానిని మోసేది, విచిత్రంగా, ఆయన ఇంతకాలం వృథాగా కోసిన బూడిదరంగు దోమే. మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు దోమలను, పక్షులను సేకరించి ఇచ్చేవాడు. ఆ ఏడు జూలైలో దోమ పొట్టమీది కణాలు పగిలి, అందులోని సన్నని జీవులు దోమ లాలాజల గ్రంథులకు చేరడం రాస్ చూశాడు. అటువంటి దోమలచేత కుట్టించగా ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకలకు వ్యాధి సోకింది. దోమ చచ్చిన నీరు కాదు, దోమ కాటే జ్వరాన్ని తెస్తున్నది. గురువు ఊహలోని తప్పు సగం ఆనాటితో తొలగిపోయింది. అదే నెలలో ఎడింబరో వైద్యసభలో మాన్సన్ ఈ వార్తను స్వయంగా ప్రకటించాడు.

మనిషి విషయంలో మొత్తం చక్రాన్ని పూర్తిగా నిరూపించినవారు ఇటలీ శాస్త్రవేత్తలు గ్రాసీ, బిగ్నామి, బాస్టియానెల్లి. 1898 చివరలో వారు ఆ పని చేశారు. గ్రాసీ జంతుశాస్త్రజ్ఞుడు, ఏ దోమ ఏ జాతిదో ఆయనకు కరతలామలకం. రాస్‌కు లేని విద్య అదే. ఈ కీర్తి ఎవరిదన్న వివాదం ఏళ్ళ తరబడి సాగింది. రాస్ ఇటలీవారిని నిందిస్తూ చాలా రాశాడు. ఆ రాతలలో ఔదార్యం తక్కువని చెప్పక తప్పదు. అంతటి పట్టుదల గలవానికి అంతటి పంతమూ ఉన్నది.

1899లో ఉద్యోగానికి స్వస్తి చెప్పి ఇంగ్లాండు చేరి, లివర్‌పూల్‌లోని ఉష్ణమండల వైద్య విద్యాలయంలో అధ్యాపకుడయ్యాడు. 1902లో ఆయనకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. నోబెల్ బహుమతి పొందిన మొదటి బ్రిటిష్ పౌరుడు ఆయనే. భారతదేశంలో చేసిన పరిశోధనకు లభించిన మొదటి నోబెల్ కూడా అదే. లావెరాన్‌కు ఈ గౌరవం 1907లో దక్కింది. 1911లో రాస్‌ను సర్ బిరుదుతో సత్కరించారు.

కీర్తి వచ్చిన తరువాత ఆయన చేసిన పని సామాన్యులకు అంతగా తెలియదు. సియెరా లియోన్, ఈజిప్టు, మారిషస్ మొదలైన దేశాలకు వెళ్ళి దోమల నివారణకు మార్గాలు సూచించాడు. యౌవనంలో మద్రాసులో తనకు తానుగా నేర్చుకున్న గణితం ఇప్పుడు అక్కరకు వచ్చింది. దోమలన్నింటినీ నిర్మూలించనక్కరలేదని, వాటి సంఖ్య ఒక హద్దుకు తగ్గితే వ్యాధి తనంతట తానే అంతరిస్తుందని 1910లో వెలువడిన మలేరియా నివారణ గ్రంథంలో లెక్కలతో చూపాడు. అంటువ్యాధుల వ్యాప్తిని నేడు గణితంతో అంచనా వేసేవారు తమ శాస్త్రానికి మూలపురుషులలో ఒకనిగా ఆయనను తలచుకుంటారు.

చివరి రోజులు సుఖంగా గడవలేదు. 1914లో మొదటి ప్రపంచయుద్ధం ప్రారంభంలోనే పెద్ద కుమారుడు మరణించాడు. తన పరిశోధనకు ప్రభుత్వం తగిన పారితోషికం ఇవ్వలేదన్న బాధ ఆయనను వదలలేదు. తన లేఖలను, కాగితాలను అమ్ముకున్నాడు. 1926లో లండన్‌లోని పట్నీలో ఆయన పేరుమీద ఒక పరిశోధన సంస్థ ఏర్పడింది. మరుసటి సంవత్సరం పక్షవాతం వచ్చింది. 1931లో భార్య గతించింది. 1932 సెప్టెంబరు 16న తన పేరుగల ఆ సంస్థలోనే రాస్ కన్నుమూశాడు. పట్నీ వేల్ శ్మశానవాటికలో భార్య పక్కన ఆయనను సమాధి చేశారు.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో ఏటా ఏడున్నర కోట్లమంది మలేరియా పాలవుతున్నారనీ, ఎనిమిది లక్షలమంది మరణిస్తున్నారనీ అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఇళ్ళ గోడలకు డి.డి.టి. మందు చల్లారు. మందును గోడలకే చల్లడానికి కారణం ఉన్నది. రక్తం తాగిన అనోఫిలిస్ బరువెక్కి ఆ గోడలమీదనే విశ్రమిస్తుంది. 1961 నాటికి రోగుల సంఖ్య యాభై వేలకు దిగింది. ఆ తరువాత దోమలు మందుకు అలవాటుపడ్డాయి, అధికారులు ఏమరుపాటుకు అలవాటుపడ్డారు. 1976లో సంఖ్య మళ్ళీ అరవై నాలుగు లక్షలకు పెరిగింది.

హైదరాబాదు నల్లకుంటలో ప్రజలు కోరంటి దవాఖాన అని పిలుచుకునే జ్వరాల ఆసుపత్రికి రాస్ పేరు పెట్టారు. ఆగస్టు 20వ తేదీని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు. బేగంపేటలో ఆయన పనిచేసిన పాత భవనం నేటికీ ఉన్నది. అది ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలో ఉన్నది. దానికి సమీపంలోని విమానాశ్రయంలో 2008 వరకు ప్రయాణికుల విమానాలు దిగుతూ ఎగురుతూ ఉండేవి. నల్లని రేణువులు గల ఆ కణాలను రాస్ మొదటిసారి చూసినది అక్కడి సూక్ష్మదర్శినిలోనే.